పేరు పిలవని ఆకు

పెద్దల అమావాస్య నాడు, ప్రొద్దుటూరులో మేముండే అపార్ట్‌మెంటు మెట్ల మీదికి ఏ ఇంట్లోంచో సాంబ్రాణి పొగ, దాని వెనకే నూనెలో వేగుతున్న అలసంద వడల వాసన వస్తే, చేతిలోని పేపరు మడిచి కాసేపు కళ్ళు మూసుకుంటాను. జమ్మలమడుగు దగ్గరి మా ఊరు, మట్టి మిద్దె, కప్పులోని గవాక్షి గుండా వంటింట్లోకి నిలువుగా దిగే ఎండ, ఆ ఎండలో తేలే పొగ, అన్నీ నెమ్మదిగా వచ్చి నా చుట్టూ కూర్చుంటాయి.

మా నాయన తమ్ముడు ఓబులేసు చిన్నాయన బాంబులు వేసే విమానం నడిపేవాడు. సెలవుకు వస్తే పొద్దునంతా పెన్నలో ఈది, చెనిక్కాయలు కాల్చుకు తిని, సాయంత్రం మిద్దె మీద వెల్లకిలా పడుకుని, నా అరచేతిని రెక్కలా వంచి గాలి ఎట్లా మోస్తుందో చూపించేవాడు. పక్కనే ఎర్రగా ఆరుతున్న మిరపకాయల ఘాటు, మసకబారుతున్న ఆకాశం, ఆయన గొంతు కలిసిపోయి నాకు నిద్ర ముంచుకొచ్చేది.

"నీ విమానం మన మిద్దె మీంద పోతాదా చిన్నాయనా?"

"పోతే మీ అవ్వ మిరక్కాయలన్నీ ఎగిరి పెద్దముడియంలో పడతాయి రా."

"నా మిరక్కాయల జోలికొచ్చినావంటే నీ రెక్కలిరుస్తా," అని కింది నుంచి అవ్వ కేకేసేది.

నేను అయిదో తరగతిలో ఉండగా బంగ్లాదేశ్ యుద్ధం వచ్చింది. దాడికి వెళ్ళిన చిన్నాయన విమానం సరిహద్దు అవతల కూలిపోయిందని, ఆయన చనిపోయాడని తంతి వచ్చింది. శవం రాలేదు. కళ్ళతో చూడనిదాన్ని అవ్వ నమ్మలేదు, దినాలు చేయనివ్వలేదు.

మరుసటేడు పెద్దల అమావాస్య వచ్చింది. ఆ రోజు మా ఇళ్ళలో పోయినవాళ్ళకు పీట మీద కొత్తబట్టలు పెట్టి, ఇష్టమైనవన్నీ ఆకులో వడ్డించి, ఒక్కొక్కరినీ పేరు పెట్టి భోజనానికి పిలుస్తారు. పిలుపు అందనివాళ్ళు ఆకలితో తిరుగుతారని నమ్మకం. నాయన ప్రొద్దుటూరు నుంచి తెచ్చిన అంచు పంచెను పీట మీద పెట్టీ పెట్టగానే అవ్వ లాక్కుని గుండెకు హత్తుకుంది.

"బతికుండే కొడుక్కు ఆకేస్తారేందిరా? ఆ పని జేస్తే ఈ ఇంట్లో మెతుకు ముట్టను."

"వాడు ఆకలితో తిరుగుతాంటాడేమో మా," అన్నాడు నాయన. ఆయన ఏడవగా నేను చూసింది ఆ ఒక్కసారే.

ఆ మధ్యాహ్నమే మస్తాన్ మామ గడపలో నిలబడ్డాడు. మా వీధివాడే. చిన్నాయన మాట పట్టుకుని వాయుసేనలో మెకానిక్‌గా చేరి, అదే స్థావరంలో పనిచేస్తూ, యుద్ధం తర్వాత మొదటిసారి సెలవు మీద వచ్చాడు.

"పెద్దమ్మా, ఆ పొద్దు ఇంజను నేనే చూసి పంపినా. ఎక్కేముందర నువ్వు పంపిన పప్పుండల్లో నాకొకటిచ్చి తాను రెండు తిన్యాడు. ఎనకాల విమానంలో వాళ్ళు మంటలు చూసినారు. ఎవురూ బయటికి దూకలేదంట."

అవ్వ పంచెను ఇంకా గట్టిగా హత్తుకుంది. "యాడికి పోయినాడు?"

"శత్రువుల విమానాలు దిగే జాగా మీంద బాంబులెయ్యడానికి."

"ఏసినాడా?"

"ఏసినాడు. తిరిగొస్తాంటే తగిలింది."

"కింద మనుషులు ఉండింటారా?"

మస్తాన్ మామ తల దించుకున్నాడు. "ఉండింటారు పెద్దమ్మా."

గవాక్షి ఎండ పొయ్యి మీది నుంచి రోలు దాకా జరిగింది. అప్పుడు అవ్వ లేచి, నలిగిన పంచెను మోకాలి మీద సాపు చేసి, తనే పీట మీద పెట్టింది. ఆకు పరిచి ఓళిగలు, వడలు, కోడికూర వడ్డించి, "ఓబులేసూ, దా నాయనా, తిను," అని పిలిచింది. ఆ తర్వాత పక్కనే ఇంకో ఆకు పరిచింది.

"ఇదెవురికి మా?" అన్నాడు నాయన.

"పేర్లు నాకేం తెలుసు? వాళ్ళకు మాత్రం ఆకలి గాదా?"

రెండాకుల్లోనూ వడలు సమానంగా వేసింది. ఆ రోజు వండినవన్నీ డైరీలో వరసగా రాసుకున్నాను గానీ, రెండో ఆకు సంగతి రాయడానికి నాకు చేయి రాలేదు.

మిద్దె కూలిపోయింది, ఆ జాగాలో సిమెంటు గోదాము లేచింది. అవ్వ, నాయన ఇప్పుడు ఆకుల దగ్గరికి పిలుపందుకునే వరసలో చేరారు. పేరుపేరునా పిలిచే గొంతులు తగ్గి, చాలా ఇళ్ళలో పెద్దలందరికీ కలిపి ఒకే ఆకు వేస్తున్నారు. నేను చిన్నాయనకు విడిగా వేస్తాను, పక్కన రెండోదీ వేస్తాను. ఆయన్ను పిలవడం సులువే. రెండో ఆకు ముందు మాత్రం, సరిహద్దు అవతలి తల్లులు బిడ్డల్ని అన్నానికి ఏమని పిలుస్తారో తెలియక, గ్లాసు నిండా నీళ్ళు పోసి పక్కకు జరుగుతాను.