పాట మధ్యలో వదిలిన చోటు

పొద్దున గిటారు తీగలు తుడుద్దామని గుడ్డ మీద కొబ్బరినూనె చుక్క వేసుకున్నానో లేదో, తుప్పూ నూనే కలిసిన ఆ వాసన నన్ను ఎమ్మిగనూరుకు పట్టుకుపోయి మామ గది గడప మీద కూర్చోబెట్టింది. మామ అంటే మా అమ్మ తమ్ముడు. ఆదోనిలో పత్తి జిన్నింగు మిల్లులో పని. సాయంత్రం బస్సు దిగి వచ్చేసరికి కనుబొమల మీద దూది నూగు, చొక్కాలో పత్తిగింజల వాసన. ఆ దూదిని దులుపుకోకుండానే గోడకు తగిలించిన గిటారు అందుకుని నూనెగుడ్డతో తీగలు తుడిచేవాడు. శనివారం బడి వదలగానే నేను కోసిగి పక్కనున్న మా ఊరి నుంచి బస్సెక్కి మామ దగ్గరికి పోయేదాన్ని. ఆదివారం పొద్దున ఇద్దరం గిటారుతో మా ఊరి చర్చికి తిరిగి వచ్చేవాళ్లం.

మామ నేర్పే తీరే వేరు. మొదట ఒక్క తీగే ఇచ్చాడు, మిగతావి ఉన్న సంగతే మరిచిపొమ్మన్నాడు. ఆ తర్వాత అయిదు స్వరాలు చూపించి, ఆ అయిదింటి మధ్యే ఇంట్లో తిరిగినట్టు తిరగమన్నాడు. ఏది వాయించాలన్నా ముందు నోటితో పాడాలి, పాడినదాన్ని వేళ్లతో వెతుక్కోవాలి. వేలు తప్పు మెట్టు మీద పడితే కంగారుపడకుండా పక్క మెట్టుకు జరగాలి. తీగను పైకి నెట్టి స్వరాన్ని సాగదీయడం నేర్చుకునే రోజుల్లో ఎడమచేతి వేళ్లు బొబ్బలెక్కి మండిపోయేవి. ఆ చేతిని చల్లటి నీళ్లకుండకు ఆనించుకుని, కుడిచేత్తో బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తినేదాన్ని. తర్వాత అక్కడే కాయలు కాశాయి. పత్తికాయల మొనలు గీరుకుని గరుకుదేలిన తన వేళ్లను అమ్మ నా వేళ్లకు ఆనించి చూసి, "నీవీ నా లెక్కనే అయినాయే" అని మురిసిపోయింది.

అన్నీ వచ్చాయి గానీ సొంతంగా అల్లి వాయించడం మాత్రం రాలేదు. మామ వాయించిందే అప్పజెప్పేదాన్ని, అదీ సందు లేకుండా గబగబా. ఒకరోజు మామ నా చేయి పట్టి ఆపాడు.

"మాట్లాడేటప్పుడు ఊపిరి తీసుకుంటావు కదా పాపా, దానికీ ఊపిరి కావల్ల. ఒక మాట అను, ఇడ్సిపెట్టు. యినేటోళ్లకూ జాగా ఉండల్ల."

ఆ మాట నాకు అప్పుడు అర్థం కాలేదు.

పత్తి తీసే రోజుల్లో, పొద్దు వాలి చేలన్నీ మసక పసుపు వెలుతురులో మునిగి, ఎవరి మనిషి ఎక్కడుందో కనబడని వేళకు, అమ్మ గట్టు మీద నిలబడి "రూతూ..." అని పిలిచేది. ఆ పిలుపు కింద మొదలై, పైకి లేచి, అక్కడ కాసేపు నిలిచి, మెల్లగా దిగేది. నేను ఎక్కడున్నా "ఓ..." అనేదాన్ని. ఆ ఒక్క కూతతో ఆమెకు నిమ్మళం.

కానీ ఏటా ఒక పిలుపుకు మాత్రం నేను పలికేదాన్ని కాదు. క్రిస్మస్‌కు కాల్చిన తీపి ఓళిగల వాసన ఇంట్లో ఇంకా ఉండగానే ఊరు సుగ్గికి కదిలేది. గుంటూరు వైపు మిరపకోతకు పెద్దవాళ్లంతా లారీలో పోయేవాళ్లు, బడి ఉన్న పిల్లలం ఇంట్లో ముసలి జేజిల దగ్గర మిగిలేవాళ్లం. మూటల మీద కూర్చుని అమ్మ పిలిచేది. నేను ఏడుపు కనబడనీకుండా తలుపు వెనక్కి పోయి నిలబడేదాన్ని. జవాబు వినకుండానే అమ్మ వెళ్లిపోయేది. ఆమె తిరిగొచ్చే ఉగాది దాకా ఆ పలకని మాట నన్ను తొలిచేది.

ఒక ఏడు, సుగ్గికి పోయేవాళ్ల కోసం ప్రార్థన చేసే ఆదివారం, పాట మధ్యలో వాయించే వంతు మామ నాకిచ్చాడు. నోరు రాకపోయినా గిటారైనా అమ్మతో మాట్లాడాలని కష్టపడి ఒక వరుస బట్టీ పట్టాను. తీరా వంతు వచ్చేసరికి, చాపల మీద సర్దుకుని కూర్చున్న ఆడవాళ్లలో అమ్మ ముఖం చూశాను, అంతే, పట్టిన బట్టీ అంతా మాయమైంది. మామ తాళం ఆపకుండా, పాడు అన్నట్టు తల ఊపాడు. నోట్లో మెదిలింది ఒక్కటే. వేలు కింద మెట్టు నుంచి లేచింది, తీగను పైకి నెట్టి నిలిపింది, మెల్లగా దిగింది. అమ్మ పిలుపు. ఆ తర్వాత ఏం వాయించాలో తెలియక చేయి తీసేశాను.

ఆ సందులోంచి "ఓ..." అంది అమ్మ.

అనుకోకుండా అనేసింది. పక్కనున్నవాళ్లు నవ్వారు, అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, కళ్లు మాత్రం నిండిపోయాయి. నేను మళ్లీ పిలిచాను, కొంచెం పై నుంచి, కొంచెం తిప్పి. అలా అల్లుకుంటూ పోయాను. మరుసటి పొద్దున లారీ కదిలి అమ్మ పిలిచినప్పుడు, వీధిలో నిలబడి, దుమ్ము సర్దుకునేదాకా "ఓ" అంటూనే ఉన్నాను.

ఇప్పుడు మామ మిల్లు మూతపడి గోదామైంది, ఆయన వేళ్లు బిగుసుకుపోయాయి. మా ఊరి చర్చిలో కీబోర్డు వచ్చింది. సుగ్గి లారీలు ఇంకా పోతూనే ఉన్నాయి గానీ, ఇప్పుడు పిలుపులన్నీ ఫోన్లలోనే. అమ్మ లేదు. నా దగ్గర నేర్చుకునే పిల్లలు, అంత మంచి వరుస వాయించి మధ్యలో ఎందుకు ఆగిపోతారని అడుగుతుంటారు. నూనె పట్టిన తీగల మీద ఈ పొద్దున కూడా ఆ పిలుపే వాయించాను. వాయించి, చేయి తీసి, అమ్మ "ఓ" అనడానికి పట్టేంతసేపు ఆగాను.