నల్లా కాడ టీచరమ్మ కట్టిన గోడ

"అక్కా, మన టీచరమ్మ పోయింది" అని చెల్లె నిన్న ఫోన్ చేసింది. ఆ వెంటనే అదే నవ్వింది. "నానమ్మను క్రిమిని చేసింది, యాదికున్నదా?" పొద్దున దీపం పెట్టి, ఆమెకు దండం పెట్టుకుని ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

తొంభైలలో చిక్కడపల్లిలో మేం కిరాయికున్న ఇంట్లో కింది వాటా ఆమెది. నారాయణగూడలో ఒక బడిలో సైన్సు చెప్పేవారు. నడిచే పోయేవారు. దారిలో ఎవరు ఏది అడిగినా ఆగిపోయేవారు. "చెప్పుడెందుకు, చేసి చూద్దాం పా" అనేది ఆమె మాట. పాలు ఎందుకు విరుగుతాయో చూపిస్తానని మా గిన్నెడు పాలలో నిమ్మకాయ పిండి, అమ్మ చేత మాటలు కూడా పడ్డారు.

ఒక ఏడు చెల్లెకు టీబీ వచ్చింది. రెండు నెలల మందులకే దగ్గు పోయింది, మొహం నిండింది. ఇంకా నాలుగు నెలలు మింగాలన్నాడు డాక్టరు. నానమ్మ వద్దంది. "పిల్లకు నయమైంది. ఆ గోలీలు ఒట్టి వేడి. తిన్నది ఇముడుతలేదు." నాన్న ఆమె మాట దాటడు. "పొద్దుగూకినంక చూద్దాం" అని డ్యూటీకి పోయాడు.

ఆయన అటు పోయాక, కింద వాకిట్లో మామూలు పొద్దే. నల్లా నీళ్లు ఇంకా రాలేదు. బిందెలు వరుసలో ఉన్నాయి, ఆడవాళ్లు కబుర్లలో ఉన్నారు. నానమ్మ అందరికీ గోలీల సంగతే చెప్తోంది. టీచరమ్మ తడి జుట్టుకు తువ్వాల చుట్టుకుని బయటికి వచ్చారు.

"పెద్దమ్మా, జర ఆ బకెట్ బోర్లేసి కూసో. నువ్వు టీబీ క్రిమివి."

"ఇంకెవ్వరు దొరకలేదా నీకు?"

"నీ అంత మొండి క్రిమి ఈ గల్లీల లేదు."

మిగతా అందరి చేతులు కలిపించి నానమ్మ చుట్టూ నిలబెట్టారు. చంపలేని క్రిమిని ఒంట్లో కాపలా కణాలు ఇట్లనే చుట్టుముట్టి గోడ కడతాయన్నారు. "మందు శాన క్రిములను సంపింది. కొన్ని గోడ లోపల పండుకున్నయి. సావలే."

"పండుకున్నదాన్ని లేపుడెందుకు?" అంది నానమ్మ లోపల్నించి.

అంతలో నల్లా వచ్చింది. గోడంతా బిందెల మీదికి ఉరికింది. నానమ్మ చీర దులుపుకుని తాపీగా మెట్లెక్కసాగింది. టీచరమ్మ నడి వాకిట్లో పొట్ట పట్టుకుని ఒకటే నవ్వు. సగం మెట్ల మీద నానమ్మ ఆగి, ఉత్త బకెట్ వైపు చూసింది.

"గింత అల్కగ బయటవడ్తదా?"

"గింతే పెద్దమ్మా. కాపలా జర అటు జరిగితే సాలు. అందుకే లోపలున్నది సచ్చేదాంక మందు మింగాలె."

ఆ సాయంత్రం నాన్న అడగకముందే నానమ్మ నోరు విప్పి, మందులు ఆపొద్దంది. డాక్టరు ఆపమనేదాకా మందులు నడవాలనుకున్నాం. రోజూ చెల్లె గోలీ మింగేదాకా నానమ్మ ఎదురుగా కూర్చోవాలి. "తప్పించుకునేటోళ్ల సంగతి నాకు ఎర్క" అందామె. నానమ్మ మనసు మళ్లీ మారకుండా చూసే పని టీచరమ్మదని, ఆ మాట నానమ్మే కిందికి పోయి ఆమెకు చెప్పి రావాలని అందరం కలిసి నిర్ణయించాం.