పది మీటర్ల నడక

నా చెల్లెలు జ్యోతిర్మయిని చూస్తే ఈమధ్య నాకు ఒళ్లు మండుతుంది. దాచడం నాకు చేతకాదు. దర్శి పక్క పల్లెలో ఇద్దరం ఒకే ఇంటి అన్నదమ్ములను చేసుకున్నాం. ఒకే కల్లంలో మిర్చి ఎండబెట్టుకుంటాం. ఇద్దరి కొడుకులకూ ఒకే జబ్బు, కండరాలు ఏడాదికేడాది కరిగిపోయే జబ్బు. మా అమ్మ వైపు నుంచి మా ఇద్దరికీ సంక్రమించిందని డాక్టరు చెప్పాడు. అక్కడిదాకా ఇద్దరం సమానమే.

తేడా అంతా పెంపకంలోనే. మా ఇంటికీ రోడ్డుకీ మధ్య కల్లం ఉంది. కాయ పరిచాక నడవడానికి సన్నని దారే మిగులుతుంది. మా చైతన్య ఎక్కడ పడతాడోనని పదేళ్లు వచ్చేదాకా చంకనేసుకుని దాటించాను. జ్యోతి తన కొడుకు రామును నడిపించేది. వాడు పడేవాడు, మోకాళ్లు గీరుకుపోయి కారం మంటకు ఏడ్చేవాడు. "నువ్వసలు తల్లివేనటే?" అని ఊరంతా వినేలా తిట్టాను. అది తలొంచుకుని, రంగు పోయిన తాలుకాయలు ఏరుకునేది.

పోయిన నెల హైదరాబాదు ఆసుపత్రిలో మూలకణాల వైద్యం ప్రయోగానికి పిల్లల్ని చూశారు. మునుపు ఎక్కించిన కణాలు కండలో నాలుగు రోజులకే చచ్చిపోయేవట. ఇప్పుడు నిలిచేలా మెరుగుపరిచారట. ఫలిస్తుందని మాత్రం మాటివ్వలేదు.

"కొంత కండ మిగిలుంటేనే అవి పట్టుకుంటాయమ్మా. పది మీటర్లు సొంతంగా నడిచే పిల్లల్నే తీసుకుంటున్నాం," అన్నాడు డాక్టరు. ఏడేళ్ల రాము నడిచాడు. పదమూడేళ్ల నా కొడుకు చక్రాల కుర్చీలోంచి చూశాడు.

"నేను ఎత్తుకోబట్టేనా సార్?" అని అడిగాను.

"కాదమ్మా. వయసు పెరిగేకొద్దీ జబ్బు చేసే పనే అది."

నమ్మాలనే ఉంది. కానీ జ్యోతి ముఖంలో వెలుగు చూశాక పుండు మీద కారం చల్లినట్టయింది. ఆ చోటు నా కొడుక్కి రావాల్సింది.

నిన్న పొద్దున వాళ్లు మళ్లీ ప్రయాణమయ్యారు. చివరి పరీక్షలోనూ నడిస్తేనే రామును చేర్చుకుంటారు. కాయల మధ్య దారిలో సంచులతో జ్యోతి ముందు, వాడు వెనక. గుమ్మంలో నిలబడి, వాడు పడాలని కోరుకున్నాను. అవును, పసివాడు పడాలనే కోరుకున్నాను.

పడ్డాడు.

"అక్కా, ఎత్తుకోవే, బస్సొచ్చేస్తోంది!" అని అరిచింది జ్యోతి. అది ఆ మాట అనడం ఇన్నేళ్లలో అదే మొదలు.

పరుగెత్తాను. వాడి చంకల కింద చేతులు వేశాను, తీసేశాను.

"ఎత్తితే రేపక్కడ నడిచేదెట్టాగే? పో, నువ్వెళ్లి బస్సాపు. వాణ్ణే లేవనీ!"

రాము తొడల మీద చేతులు ఆనించి, ఒక్కో చెయ్యీ పైకి జరుపుకుంటూ లేచాడు. "నేనే లేచా పెద్దమ్మా," అన్నాడు. ఆ కాళ్లను చూసి కుళ్లుకుంటూనే బస్సుదాకా పక్కన నడిచాను, చేతులు వెనక్కి కట్టుకుని.

తిరిగొచ్చేసరికి చైతన్య వాకిట్లో మంచం మీద ఎదురుచూస్తున్నాడు.

"తమ్ముడు ఎక్కాడామ్మా?"

"ఎక్కాడు."

"నడిచే వెళ్లాడా?"

"నడిచే."

వాడి మంచం మీదికి ఎండ వచ్చేసింది. ఎత్తుకుని లోపలికి తీసుకెళ్లాను. వాడి కాళ్లు నా మోకాళ్ల దాకా వేలాడాయి.