తోమా గారి తోటకూర

మా కాలేజీ అటెండరు తోమా గారికి ఒక్క ముక్క సరిగ్గా చెప్పని బాటనీ లెక్చరర్ని నేను. ఇంత చదువు ఎందుకు, తగలెయ్యడానికా!

2003లో మా నర్సీపట్నం శివార్లలో పాత బ్యాటరీలు పగలగొట్టే షెడ్డు ఒకటి ఉండేది. దాని సీసమంతా పక్క చెరువులోకి దిగేది. ఆ చెరువులో గుర్రపుడెక్క వేయించాను. దాని వేళ్ళు సీసాన్ని పీల్చుకుంటాయి. పదిహేను రోజులకోసారి పాత మొక్కలు పీకి కొత్తవి వేయడం తోమా గారి పని. "పీకినవి చెరువుకి దూరంగా పారెయ్యండి" అన్నాను. అంతే అన్నాను.

పారెయ్యడం ఆయన ఇంటా వంటా లేదు. కాలవలో నాచైనా సరే, పెంటకుప్పలోకి వెళ్ళాల్సిందే.

మరుసటి ఏడు చర్చిలో కోతపండుగకి ఆయన తొలిపంటగా తోటకూర తెచ్చారు. కట్ట నా రెండు చేతుల్లో పట్టలేదు. వేలంపాటలో నేనే పాడుకున్నాను.

"ఏం ఎరువేశారండీ, ఇంత ఏపుగా?" అని నవ్వుతూ అడిగాను.

"మన మొక్కలేనండి. ఎండబెట్టి మళ్ళో ఏసేను. ఇసం తినీసి అరిగించుకున్నాయి కదండీ!"

కట్ట కింద పెట్టేశాను. "ఇంట్లో ఎవరెవరు తింటున్నారు?"

"మా సారా ఉంది కదండీ, దానికి రోజూ ఇదే."

సారా ఆయన కూతురు, రెండో తరగతి. ఆ కట్ట వండలేదు, పరీక్షకి విశాఖ పంపాను. కూరలో సీసం. తర్వాత పిల్ల రక్తంలోనూ సీసం. ఆ ఏడాది సారా ఎక్కాలు మర్చిపోతోందని టీచరు కొడుతూ వచ్చిందట. మందులతో రక్తంలోది తగ్గుతుందిగానీ తలకెక్కింది ఇక దిగదన్నాడు డాక్టరు. మడిలో మట్టంతా తవ్వి తీయించాం, పీకిన మొక్కలు వేయడానికి సిమెంటు గొయ్యి కట్టించాం. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం. డాక్టరు ఆ మాట చెప్పిన రోజు నాకు ఏడుపు రాలేదు. ఏమీ రాలేదు. మధ్యాహ్నం అన్నం కూడా తిన్నాను.

నా తప్పేనని తోమా గారికి చెప్పాను. "మీరేటి సేత్తారండి" అన్నారు, చూపు తిప్పేసి. తిట్టి ఉంటే బాగుండేది.

ఆర్నెల్లకి చెరువు రిపోర్టు వచ్చింది. నీళ్ళు బాగుపడ్డాయి. ఆ సంగతి చెప్పడానికి గట్టు మీదికి వెళ్ళాను. ఆయన నడుంలోతు నీళ్ళలో ఉన్నారు.

"మేడం గారూ, పిల్లలోంచి లాగీ మొక్క ఉందేటండీ?"

లేదన్నాను. ఆయన తల ఊపి, చేతిలోని మొక్కని గొయ్యిలోకి విసిరి, ఇంకోదాని కోసం వంగారు.