ఫెటీగ్ అన్న ఒక్క మాట

అమెరికాలో మేముండే బాతెల్‌లో, మా తెలుగు చర్చికి వచ్చే ఒక ఆంటీని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆవిడకు ఇంగ్లీషు రాదు, వాళ్లమ్మాయికేమో ఆఫీస్‌లో సెలవు దొరకలేదు. ల్యాబ్‌లో పనిచేస్తాను కాబట్టి వైద్యం మాటలు నాకు బాగా వచ్చని చర్చిలో అందరి నమ్మకం. నాకైతే ఆ నమ్మకం ఇంకా ఎక్కువ.

ఆంటీ తన నీరసం గురించి అయిదు నిమిషాలు చెప్పింది. పొద్దున్నే లేవలేకపోతోందట, అన్నం కలుపుకునే ఓపిక కూడా ఉండటం లేదట, స్నానం చేసొచ్చి మళ్లీ పడుకుంటోందట. ‘వీక్‌నెస్’ అంటే కండరాల్లో బలం లేదనుకుంటారని ఆలోచించి, డాక్టర్‌తో అలసట అనే అర్థంలో ‘ఫెటీగ్’ అని ఒక్క మాటన్నాను. ఆయన టైప్ చేసుకున్నాడు.

ఆంటీ నా వైపు అదోలా చూసింది. “అంతేనా? నేను చెప్పిందంతా ఏమైంది?”

“అందులోనే అంతా వచ్చేసింది ఆంటీ,” అన్నాను విసుగ్గా.

ఇంకేమైనా ఇబ్బంది ఉందా అని డాక్టర్ అడిగితే ఏమీ లేదంది. చెయ్యి మాత్రం గుండె మీదే ఉంది. నాకు అనుమానమొచ్చి రెండుసార్లు అడిగాను. కొంగు సర్దుకుంటున్నానంది.

ఆదివారం చర్చిలో ప్రార్థన మనవులు అడిగినప్పుడు ఆంటీ లేచి మైకు పుచ్చుకుంది. మెట్లెక్కితే గుండె పట్టేస్తోందని, ఎడమ చెయ్యి లాగుతోందని, అందరూ ప్రార్థించమని కోరింది. ఆమేన్ అనేదాకా కూడా ఆగకుండా ఆవిడను కార్ ఎక్కించి ఎమర్జెన్సీకి బయల్దేరాను.

“ఇదంతా ఆ రోజు డాక్టర్‌కి ఎందుకు చెప్పలేదు?” దారిలో గట్టిగానే అడిగాను.

“నువ్వెన్ని మాటలు మింగేస్తావో ఎవరికి తెలుసమ్మా? దేవుడికైతే తెలుగొచ్చు.”