భాగ్యమ్మ బంతిలో ఫ్రెంచి వైను

బందరులో పెళ్లి కుదిరితే ముహూర్తం కంటే ముందు భాగ్యమ్మ ఖాళీగా ఉందో లేదో కనుక్కునేవారు. అంతటి వంటమనిషి. చేతిలో గరిటె ఉందంటే ఎంత పెద్ద ఆఫీసరునైనా "జరిగి కూచో నాయనా" అనేది. ఆవిడ పండుగప్ప పులుసు కోసం పిలవని పెళ్లిళ్లకి వెళ్లినవాళ్లు నాకు తెలుసు. పేర్లు చెప్పను, బాగుండదు.

ఆవిడకి ఒకటే పట్టింపు. బంతిలో కూచున్న వాళ్లందరికీ ఒకటే వడ్డించాలి. గుడివాడలో ఓ పెళ్లివారు తమవాళ్లకి నెయ్యి, మిగతావాళ్లకి డాల్డా వెయ్యమన్నారు. ఆవిడ సరేనని తల ఊపి, రెండూ కలిపి కాచి అందరికీ పోసింది.

పుట్టింది దివిసీమ చివర, ఏటి మధ్య ఓ లంకలో. చెల్లెలి కాపురం ఇంకా అక్కడే. పాము కరిచినా, నొప్పులొచ్చినా తెడ్లేసుకుంటూ ఏరు దాటాల్సిందే. ఓ వానాకాలం చెల్లెలి కోడలు పడవలోనే ప్రసవించింది. తల్లీబిడ్డా క్షేమమే గాని, తెడ్డేసినవాడు మాత్రం నెలరోజులు మంచం దిగలేదట. అప్పట్నుంచీ లంకకి ఇంజను పడవ రావాలని భాగ్యమ్మ కనిపించిన పెద్దమనిషినల్లా పట్టుకునేది.

చివరికి సీతారామయ్యగారు పూనుకున్నారు. రిటైరైన లెక్చరరు, ఊళ్లో ఏ మంచి పనికైనా తనే అధ్యక్షుడు. కూచిపూడిలో నాట్యం నేర్చుకుంటున్న క్లోదెత్ అనే ఫ్రాన్సు ఆవిడ ఈ సంగతి విని, వాళ్ల నాన్న దాచుకున్న పాత వైను సీసాలు ఆరు తెచ్చిచ్చింది. విందు పెట్టి వీటిని వేలం వేయండి, పడవ డబ్బులు వస్తాయి అంది. మద్యనిషేధం ఎత్తేసిన తర్వాత మాట కాబట్టి ఎవరికీ భయం లేదు.

సీతారామయ్యగారి నమ్మకమంతా ఇద్దరి మీద. గుడివాడ రైసుమిల్లు శేషగిరిరావు, అవనిగడ్డ వైపు రొయ్యల చెరువుల రత్నరాజు. ఒకాయన కారు కొంటే రెండో ఆయన అంతకంటే పొడుగుది కొనేవాడు. అందరికంటే పాత సీసా కోసం వీళ్లిద్దరూ పోటీ పడితే పడవ వచ్చేసినట్టే.

విందు నాడు పొద్దున్నే సీతారామయ్యగారు సీసాలు భాగ్యమ్మకి అప్పగించారు.

"జాగ్రత్తమ్మా. ఒక్కోటీ ఒక్కో సంవత్సరానిది. ఇదిగో, ఇది నాకంటే ఎనిమిదేళ్లే చిన్నది."

అంతవరకు చెప్పారు. వేలం సంగతి చెప్పడం మర్చిపోయి, పూలదండల వాడి మీద కేకలేస్తూ వెళ్లిపోయారు.

కల్యాణ మండపంలో వరసగా బల్లలు, అరిటాకులు. పులుసన్నం సగంలో ఉండగా సీతారామయ్యగారు లేచి గొంతు సవరించుకున్నారు.

"భాగ్యమ్మా, ఆ సీసాలు తెప్పించు."

"కడిగి బోర్లించానండీ."

"బోర్లించడమేమిటి? లోపలున్నదో?"

భాగ్యమ్మ స్టీలు బకెట్టు చూపించింది. అందులో గుంటగరిటె వేసి ఉంది.

"అడుగున మడ్డి ఉందండీ. పల్చటి గుడ్డలో వడకట్టాను. పులిసిపోయింది కూడాను, పంచదార వేద్దామని మిమ్మల్ని అడగడానికే వస్తున్నాను."

"అన్నీ కలిపేశావా!"

"మరి ఒకరికి పాతదీ పక్కాయనకి కొత్తదీ పొయ్యమంటారా? నా బంతిలోనా? పైన కాగితాలు కూడా గోకేశానండీ. నూనె పోసుకోడానికి బాగుంటాయి సీసాలు."

సీతారామయ్యగారు కుర్చీలో కూలబడ్డారు. అందరికీ తలా ఓ గరిటెడు స్టీలు గ్లాసుల్లో పడింది. క్లోదెత్ ఓ గుక్క తాగి, కళ్లు మూసుకుని, "మా నాన్న చూస్తే ఏడ్చేవారు" అంది, చక్కటి తెలుగులో. అయినా గ్లాసు కింద పెట్టలేదు.

శేషగిరిరావు రుచి చూసి మొహం చిట్లించాడు. "సీసా లేదు, వేలం లేదు. ఇక చందా ఏమిటండీ?"

"ఈ పుల్లనీళ్లకి పడవ కొనాలా బావా?" అన్నాడు రత్నరాజు. ఆ ఇద్దరూ ఒకే మాట మీద ఉండటం జిల్లా ఎప్పుడూ చూడలేదు.

భాగ్యమ్మ విన్నది. పడవని తన చేతులారా ఏట్లో కలిపేశానని అర్థమైంది. వంటశాలలోకి వెళ్లి, పెరుగు బకెట్టు తెచ్చి గుమ్మంలో పెట్టి, దాని పక్కనే పీట వేసుకుని కూచుంది.

అన్నాలయ్యాయి. పెరుగు రాలేదు. పెరుగు పడందే భోజనం అయినట్టు కాదు, బంతి మధ్యలో లేస్తే మర్యాద కాదు. చేతులు ఎండిపోతున్నాయి.

"పెరుగేదమ్మా?" అని ఎవరో అడిగారు.

"ఏటి అవతల ఉందండీ."

"అదుగో, నీ పక్కనే కనపడుతుంటేనూ!"

"కనపడుతుందండీ. మా లంకకి కూడా ఆసుపత్రి ఇలాగే కనపడుతుంది. దాటడానికే పడవ లేదు."

ఓ మూల నవ్వు మొదలై మండపమంతా పాకింది. తర్వాత నవ్వు ఆగిపోయి, చూపులన్నీ ఆ ఇద్దరి మీదకి తిరిగాయి. షుగరున్న ఓ ప్లీడరుగారు, "తొందరగా తేల్చండయ్యా, మాత్ర వేసుకోవాలి" అన్నారు. క్లోదెత్ కూడా ఎండిన చెయ్యి గాల్లో పెట్టుకుని బుద్ధిగా కూచుంది.

శేషగిరిరావు మెడ నిమురుకున్నాడు. "పడవ చెక్కంతా నాది."

"ఇంజను నాది," అన్నాడు రత్నరాజు వెంటనే. "పెద్దదే పెట్టిస్తాను."

"అయితే చెక్క టేకు!"

"వినపడలేదండీ వెనక వాళ్లకి," అంది భాగ్యమ్మ.

ఇద్దరూ లేచి నిలబడబోయి, బంతి మధ్యలో లేవకూడదని గుర్తొచ్చి, కూచునే గట్టిగా అరిచారు. సీతారామయ్యగారికి ప్రాణం లేచి వచ్చింది.

భాగ్యమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని బకెట్టు ఎత్తుకుంది.

"ముందు ఇటు రావమ్మా, పడవ ఇచ్చినవాళ్లం!" అని ఆకు ముందుకి జరిపాడు శేషగిరిరావు.

"వరసలో వస్తానండీ," అని ఆవిడ ఆ చివర కూచున్న ప్లీడరుగారి దగ్గర మొదలుపెట్టింది.