మొత్తం ఒకే చేతికి

"...అన్నీ ఒకేసారి మార్కెట్లో పెడితే రేటు నిలుస్తాదా అన్నా? అమ్మేటోడు అవసరంలో ఉండాడని అందరికీ తెలిసిపోతాది," అన్నాడు షేర్ల బ్రోకరు కేశవ.

"రోజూ కొన్ని కొన్ని అమ్మినా పడిపోతానే ఉండాది కదప్పా," అన్నాడు వీరప్ప.

రోడ్డుకు పోయిన భూమి పరిహారం, తనదీ తమ్ముడు పుల్లన్నదీ కలిపి, వీరప్ప ఒకే చిన్న కంపెనీ షేర్లలో పెట్టాడు. పుల్లన్నకు ఆ సంగతి ఇంకా తెలియదు. వీరప్ప రోజూ పొద్దున్నే అనంతపురంలో బస్సు దిగి, కేశవ ఆఫీసు గడప బయట చెప్పులు విడిచి, కంప్యూటరు ఎదురుగా బెంచీ చివర కూర్చుంటాడు. రేటు పడినట్టు ఎర్ర అంకె కనిపించినప్పుడల్లా తువ్వాలు కొస నోట్లో పెట్టుకుని నములుతాడు.

ఫోను మోగింది. కేశవ రిసీవరుకు చెయ్యి అడ్డం పెట్టాడు. "బొంబాయి సేటు ఒకాయన నీ షేర్లు మొత్తం తీసుకుంటాడంట. ఇప్పటి రేటు మీద షేరుకు రెండు రూపాయలు తగ్గించల్లంట. ఇప్పుడే చెప్పల్ల."

వీరప్ప లేచి నిలబడ్డాడు.

"ఇచ్చెయ్. వచ్చినదాంట్లో మా తమ్మునిది పూర్తిగా తీసి పక్కన పెట్టు. మిగిలితే నాకియ్యి," అన్నాడు.